పంచితం పోసిన ఇంజను

దామోదరసామి నాయకరు మోటారు మళ్ళీ చచ్చింది. ఎద్దులు మోకులు తగిలించుకుని దాన్ని అరవదేశపు తెలుగు ఊరు ఎర్రమపట్టి వీధిలోంచి ఈడ్చుకుపోతున్నాయి. స్టీరింగు ముందు గోపాలసామి పాడె మీద పీనుగులా బిగుసుకుని కూర్చున్నాడు. ఇంజను ఆడకపోతేనేం, డ్రైవరు డ్రైవరే. నెత్తి మీది టోపీ మాత్రం తియ్యలేదు.

లోకంలో బండి పాడైతే బాగుచేసేవాడు బండి దగ్గరికి వస్తాడు. ఎర్రమపట్టిలో బండే బాగుచేసేవాడి దగ్గరికి పోవాలి. ఎందుకంటే వాడు కందసామి, తోలుపని చేసే సక్కిలి కులంవాడు. వాడి తండ్రి ఈ ఊరి బావులకు తోలుమోటలు కుట్టి కుట్టి వేళ్ళు వంకరపోయి చచ్చాడు. కొడుకు విరుదునగర్ మోటారు షెడ్డులో ఫిట్టరయ్యాడు, ఖాకీ నిక్కరు తొడిగాడు. మోటారు పొట్ట విప్పి పేగులు పరిచి మళ్ళీ కుట్టగలడు. అయినా నాయకర్ల వీధిలో కాలు పెట్టకూడదు. వీధి కుక్క పెట్టొచ్చు, పంది పెట్టొచ్చు. కందసామి ఊరి చివరి కళ్ళం దాకానే రావాలి. అందుకని బండిని కళ్ళానికి ఈడుస్తున్నారు. ఇందులో వింతేమిటో ఆ ఊళ్ళో ఒక్కడికీ తోచలేదు.

కోవిల్‌పట్టిలో రైలు దిగి, నల్లరేగడి దారిలో సంచి మోసుకుంటూ నడిచివచ్చిన కందసామి కళ్ళం గట్టు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన గోలీసోడా సీసాలో నీళ్ళు. ఊరివాళ్ళు దోసిట్లో ఎత్తిపోసే నీళ్ళు వాడు తాగడు. దాహం తన సొంతం, నీళ్ళూ సొంతం.

ఎద్దుల్ని విప్పి తోలుకుపోయారు. కందసామి బానెట్టు రేకు ఎత్తాడు. ఎత్తగానే మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"ఏం సామీ, బండికి కళ్ళాపి గూడా సల్లుతారా? ముగ్గొకటి మరిస్తిరే!"

"పని సూడప్పా," అన్నాడు గోపాలసామి.

"పనే సూస్తా ఉండా. నువ్వూ సూడు."

కాయిలు దగ్గర తీగను రెండు వేళ్ళతో పట్టి లాగాడు. అది తెగలేదు, ఊడివచ్చింది, కుళ్ళిన నారలాగా. పైన నూలు నల్లగా నాని, లోపలి రబ్బరు జిగటగా కరిగి, రాగి మీద చిలుము పచ్చగా పేరుకుంది. బిగింపులన్నీ అంతే. డైనమో దగ్గర, కటౌటు పెట్టె దగ్గర, హారను తీగ దగ్గర. తాను కిందటిసారి చేతులారా తగరం పోసి అతికిన చోటల్లా చిలుము. తాను ముట్టని చోట మాత్రం, ఎన్నో ఏళ్ళనాటి పాత తీగ కూడా, గట్టిగా ఉంది.

కందసామి ఆ తునకను వాసన చూశాడు. గోపాలసామి మొహం చూశాడు.

"ఆవు పంచితం."

గోపాలసామి టోపీ సర్దుకున్నాడు.

"నేను పోయినాక పోసి కడుగుతారు. కాదా?"

పోసేది గోపాలసామే. కందసామి ముట్టిన బండి మళ్ళీ ఇంటి ముందుకు రావాలంటే శుద్ధి కావాలి. నాయకరు తల్లి వీరమ్మాళ్ గడపలో నిలబడి పసుపు కలిపిన పంచితం చెంబు అందిస్తుంది. సీటుకు వేపమండతో చల్లు, చక్రానికి చల్లు, ఇంజనుకు పొయ్యి. "వాడు యాడ సెయ్యి పెట్టినాడో ఆడల్లా పొయ్యిరా, గోపాలా," అంటుంది. గోపాలసామి నమ్మకమైన మనిషి. కందసామి ఎక్కడెక్కడ చెయ్యి పెట్టాడో పక్కన నిలబడి చూసినవాడు. వెతికి వెతికి ప్రతి అతుకు మీదా పోసేవాడు. వాడు ఎంత శ్రద్ధగా అతికితే వీడు అంత శ్రద్ధగా తడిపేవాడు. శుద్ధి అయిన నాటినుంచే బండి దగ్గుతూ ఆగుతూ నడిచి, కొన్నాళ్ళకు చచ్చేది. "ఆ సక్కిలోడికి పని రాదు," అనేది ఊరు.

ఈ గోపాలసామి నాయకరుకు దూరపు మేనల్లుడు. సొంత భూమి లేదు, సొంత ఇల్లు లేదు, సొంత మాట అంతకన్నా లేదు. సంతలో పదిమంది తలతిప్పి చూసేది ఆ స్టీరింగు వల్లనే. అది కూడా వాడిది కాదు, మామది.

"నేను సెప్తే తిమురు, పొగరు అంటారు," అన్నాడు కందసామి, కుళ్ళిన తీగల్ని కత్తిరించి గోనెపట్టా మీద వరసగా పేరుస్తూ. "నువ్వు సెప్తే మాట అంటారు. ఒక్క మాట సాలు. మామా, పంచితం సీటుకు సల్లుదాం, ఇంజనుకు వొద్దు. అంతే. నన్ను వీదిలోకి పిలవమని అడగలా. నీ పక్కన కూసోబెట్టమనలా. నా పని మీద పొయ్యొద్దంటా ఉండా."

"సమయం సూసి సెప్తా."

"సమయం!" కందసామి కత్తెర నేలకేసి కొట్టాడు. "మీ ఇంట్లో సమయానికి గూడా మడి ఉంటాదేమో."

ఎండ ఏటవాలుగా పడేవేళ నాయకరే కళ్ళానికి వచ్చాడు. గాలి తనవైపు నుంచి కందసామి వైపు వీచేటట్టు చూసుకుని నిలబడ్డాడు. ఒంటి మీద కొత్త ఖద్దరు చొక్కా. ఇంకా ఉతకలేదు, గంజిపెట్టిన గోనెలా నిటారుగా నిలబడింది. మనిషి కదిలినా చొక్కా కదల్లేదు.

ఖద్దరు ఎందుకంటే, కోవిల్‌పట్టిలో సభ ఉంది. హరిజన సేవా సభ. మద్రాసు నుంచి ఒక పెద్దమనిషి రైల్లో దిగుతాడు, అంటరానితనం పాపమని చెబుతాడు, మళ్ళీ విరుదునగర్‌లో సాయంత్రపు సభలో అదే పాపమని చెబుతాడు. ఆయన్ని తిప్పడానికి మోటారు కావాలి. మోటారున్నవాడు ఆహ్వాన సంఘానికి అధ్యక్షుడు. నాయకరుకు హరిజనుల మీద అంత ప్రేమ పుట్టడానికి వేరే కారణం ఎవరూ వెతకనక్కర్లేదు.

"ఏమిరా కందా," అన్నాడు. "మీ మంచికోసం నేను ఊరూరా పరిగెత్తుతా ఉంటే, నువ్వు నా బండి తీగలు కోస్తా ఉండావా?"

"కొయ్యలేదు ఎజమాన్. కుళ్ళినాయి."

"కొత్త తీగ ఎట్లరా కుళ్ళేది? కూరగాయా? నువ్వు మీ షెడ్డు మొదలాళి దగ్గర మంచి తీగ తీసుకోని ఈడ పుచ్చు తీగ ఏస్తా ఉండావు. నాకి తెలీదనుకోవద్దు."

కందసామి చేతిలో ఉన్న తునక ఎత్తి చూపాడు. గోపాలసామి వైపు చూశాడు, అంతే. చెప్పడానికి ఇంతకన్నా సమయం ఉండదు. గోపాలసామి మోకు చుట్టచుడుతున్నాడు, చుట్టిందే విప్పి మళ్ళీ చుడుతున్నాడు.

"ఇను," అన్నాడు నాయకరు. "పెద్దమనిషి కూసోని ఉండగా బండి నడిదారిలో నిల్చిందా, నీ మొదలాళి దగ్గర నేనే వొచ్చి నిలబడి నిన్ను షెడ్డులోనుంచి తరిమిస్తా. విరుదునగర్‌లో గాదు, మదురైలో గూడా ఒకడు నీ సేతికి స్పానరు ఇయ్యడు. మళ్ళీ ఈడికే వొచ్చి మోటలు కుట్టుకో. నిన్ను కన్న మీ అప్పడు కూసున్న సోటు కాళీగానే ఉండాది."

అని, ఉమ్మి, పైగుడ్డతో మూతి తుడుచుకుని పోయాడు. సభలో చదవాల్సిన ఉపన్యాసం గొణుక్కుంటూ పోయాడు. "మన సోదరులు" అన్న మాట దగ్గర నాలుక తిరగక రెండుసార్లు దగ్గాడు.

కందసామి అక్క చిన్నతాయి ఊరి బయట చేరిలో, వాళ్ళ వాడలో, ఉంటుంది. తమ్ముడికి సజ్జసంకటి, ఎండుమిరపకాయల కారం తెచ్చింది. నాయకరు అన్న మాటలు కంచె అవతలనుంచే వింది. ఆవిడ నోటికి ఊళ్ళో పేరుంది.

"ఏం సామీ," అంది గోపాలసామితో, "గొడ్డుకు జొరమొస్తే మందు పోస్తారు. మోటారుకు సావుతీర్తం పోస్తారా? పోసేది మీరు, సచ్చేది అది, దెబ్బలు మా తమ్ముడికి. బలే నాయమప్పా మీ వీదిలో!"

"నోరు ముయ్యక్కా," అన్నాడు కందసామి.

"నేనెందుకు ముయ్యాల? తెరవాల్సినవాడు ముయ్యబట్టే గదా నేను తెరిచింది!"

గోపాలసామికి కోపం రావాలి. ఆ ఊళ్ళో ఆ కులం ఆడది ఆ మాటంటే నాయకరు కులంవాడికి కోపం రావాలని రాసి ఉంది. రాలేదు. చెవులు మాత్రం కాలాయి.

మరునాడు కందసామి పొద్దుపొడుపు నుంచి వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. పాత తీగల కట్టను గోనెపట్టా మీద అచ్చులాగా పరిచి, దాని పక్కన కొత్త తీగ కొలిచి తుంచాడు. తుమ్మబొగ్గుల నిప్పుల్లో అతుకు ఇనుము ఎర్రబడేదాకా కాల్చాడు. రాగి పోగులను చాకుతో గీకి మెరిపించి, గుగ్గిలం అద్ది, తగరం తాకించాడు. తగరం ఉలిక్కిపడి రాగిలోకి పాకింది. చల్లారాక గుంజి చూసేవాడు. చాలకపోతే కాల్చి మళ్ళీ మొదలు. అతుకు మీద కోవిల్‌పట్టి మిల్లు నూలు బిగించి చుట్టి, దానిమీద లక్క పూసేవాడు. ఇంజను వేడి తగిలేచోట అదనంగా తోలుతొడుగు కుట్టాడు. ఆ తోలు కుట్టు మాత్రం వాళ్ళ అప్పడిది, మోట మూతికి వేసే కుట్టు. ఆ కుట్టు నీళ్ళు కారనివ్వదు. అయితే పైనుంచి చెంబుతో పోస్తే ఏ కుట్టూ ఆపదు, అది వాడికి తెలుసు.

"సామీ, ఈ కొస పట్టు. వొదలొద్దు."

గోపాలసామి పట్టుకున్నాడు. ఇంజను వెనక రేకు సందులో ఇద్దరి చేతులు పట్టే చోటు లేదు. వేళ్ళు వేళ్ళకు తగిలాయి. వాడి తగరం మరక వీడి వేలికి అంటుకుంది. కళ్ళం చుట్టూ ఎవరూ లేరు. వేళ్ళ మీద పంచితం పోసేవాళ్ళూ లేరు. తీగ నిలబడాలంటే ఆ వేళ్ళు అక్కడే ఉండాలి. ఉన్నాయి. ఏ దేవుడూ పిడుగు వెయ్యలేదు. పైగా తీగ సరిగ్గా కూర్చున్నప్పుడు గోపాలసామికి, తనే కూర్చోబెట్టినట్టు, చిన్నపిల్లాడి సంతోషం వేసింది. ఆ తర్వాత చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు. తుడుచుకుంటుంటే కందసామి చూశాడు. తుడుపు సగంలో ఆగింది.

పని అయ్యాక బండి నడిపి చూడాలి. చూడాల్సినవాడు సీటులో కూర్చోకూడదు. సీటు శుద్ధికి ఇంకో చెంబు అవుతుందట. కందసామి ముందు నిలబడి ఇనుపకడ్డీ తిప్పి ఇంజను లేపాడు. గోపాలసామి తోలాడు. కందసామి పక్కనే పరుగెత్తాడు, బానెట్టు మీద ఒక అరచెయ్యి ఆనించి, చెవి వంచి, నల్లరేగడి బెడ్డల్లో చెప్పుల్లేని కాళ్ళతో. బాగుచేసినవాడు కింద పరుగెడుతున్నాడు. బాగుచేయడం రానివాడు పైన కూర్చున్నాడు. కళ్ళం చుట్టూ తిరిగి వచ్చేసరికి కందసామి కొలిమితిత్తిలా రొప్పుతున్నాడు.

"దీపం ఎయ్యి."

వేశాడు. పట్టపగలు కూడా రెండు దీపాలు కళ్ళు తెరిచాయి.

"హారను."

కళ్ళం మీది కొంగలు లేచిపోయాయి.

"అయిపాయ." కందసామి సంచి సర్దుకున్నాడు. సోడాసీసాలో మిగిలిన నీళ్ళు మొహాన చల్లుకున్నాడు. "పోసినారంటే మొదటినాడే దగ్గుతాది, నాలుగునాళ్ళు తాళదు సామీ. పెద్దమనిషి మాటల మనిషి. బరువెక్కువ. తొందరగా ఆగుతాది."

"సెప్తాలే కందా. ఈ రాత్రి సెప్తా."

"సమయం సూసి," అన్నాడు కందసామి, వెనక్కి చూడకుండా.

చెప్పలేదు. ఆ రాత్రి నాయకరు ఉపన్యాసం వల్లిస్తున్నాడని చెప్పలేదు. తెల్లవారి నాయకరు పూజలో ఉన్నాడని చెప్పలేదు. పిరికివాడికి సమయాలకు కొదవా?

పొద్దున ఇంటిముందు బండి నిలబెట్టాడు. వీరమ్మాళ్ గడపలో చెంబుతో తయారుగా ఉంది. ముసలిదానికి చూపు మందమైనా అధికారం మందం కాలేదు.

"ఈ మాటు నిండుగా తెస్తి. దొరలాంటి మనిషి కూసుంటాడంట. యాడా ఇడవొద్దు, గోపాలా."

గోపాలసామి సీటుకు చల్లాడు. చక్రానికి చల్లాడు. బండి అవతలి వైపుకు పోయి, ఇంటివాళ్ళకు కనిపించని ఆ పక్క రేకు ఎత్తాడు. చెంబు వంచబోయాడు. నూలు చుట్టిన అతుకులు లక్క మెరుపుతో వరసగా ఉన్నాయి. వాటిలో ఒకదాని కొస తన వేళ్ళు పట్టుకున్నది. చెయ్యి ఆగింది. అటూ ఇటూ చూసి, చెంబును ముందుచక్రం పక్కన నేలమీద వంపేశాడు. రేగడి మన్ను గుటగుటా తాగింది. రేకు దించి, ఖాళీ చెంబు తెచ్చి ఇచ్చాడు.

ఎంత ధైర్యం! ఎవరూ చూడని పక్కన నిలబడి మట్టికి పంచితం పోసే ధైర్యం! అయినా గోపాలసామి కోట గోడ దూకినవాడిలా వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు. నాయకరు వచ్చి కూర్చుని, ముక్కు ఎగబీల్చి, వాసన తగిలి, "సరి, పోనీ," అన్నాడు.

బండి పోయింది. అన్నాళ్ళూ లేనంత బాగా పోయింది. కోవిల్‌పట్టి స్టేషన్లో మద్రాసు పెద్దమనిషిని ఎక్కించుకుంది. అగ్గిపెట్టెల షెడ్ల పక్కనుంచి, మిల్లు గేటు పక్కనుంచి, పూలదండలు ఎగురుతుండగా ఒక్క దగ్గు దగ్గకుండా సభకు చేర్చింది.

సభలో ముందు కుర్చీలు. కుర్చీల వెనక చాపలు. చాపల వెనక తాడు కట్టి ఉంది. ఎవరికోసం సభ జరుగుతోందో వాళ్ళు తాడు వెనక ఎండలో నిలబడ్డారు. నాయకరు లేచి, మన సోదరుల్ని ముట్టుకోవడానికి మనం వెనకాడరాదన్నాడు. చప్పట్లు. చప్పట్లు కొట్టినవాళ్ళలో తాడు విప్పుదామని లేచినవాడు లేడు. బండి దగ్గర నిలబడ్డ గోపాలసామి తాడు చివర కట్టిన ముడిని చూస్తూ ఉండిపోయాడు. లాగితే వచ్చే ముడే. వాడూ లాగలేదు.

ఆ తర్వాత సాత్తూరు మీదుగా విరుదునగర్. దారంతా పెద్దమనిషి వెనకసీట్లో కునికిపాట్లు పడ్డాడు. దిగేటప్పుడు, "బండి చాలా బాగుంది నాయకరే. గడియారంలా నడుస్తోంది," అన్నాడు.

"అంతా మా అమ్మ పుణ్యం," అన్నాడు నాయకరు. పెద్దమనిషి అది వినయం అనుకున్నాడు.

పెద్దమనిషిని సభ వాళ్ళకు అప్పగించగానే నాయకరు, "గోపాలా, మోటారు షెడ్డుకు పోనీ," అన్నాడు.

"బండి బాగానే ఉండాదే మామా?"

"అందుకే పొమ్మంటా ఉండా."

షెడ్డు మొదలాళి బల్లమీద కూర్చుని తమలపాకుకు సున్నం రాస్తున్నాడు. నూనె, మిరప వ్యాపారంలో పండి మోటార్లలోకి దిగిన మనిషి. కందసామి ఒక లారీ కింద పడుకుని ఉన్నాడు. మోకాళ్ళు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. నాయకరు అరవంలో అందుకున్నాడు. వీధిలో పోయేవాళ్ళకు కూడా వినపడాలన్నట్టు.

"మొదలాళీ, ఆ కందసామిని ఇవాళే పంపించెయ్యండి. నా బండి ఎన్నిమాట్లు పాడుచేశాడు! ఈసారి మా అమ్మ దగ్గరుండి నిండు చెంబుతో శుద్ధి చేయించింది. చూడండి, ఎక్కడన్నా ఆగిందా? దాన్నిబట్టి తెలియడం లేదూ? దోషం తీగలో లేదు, వాడి చేతిలో ఉంది. చెయ్యి అశుభం. అది కడిగితే బండి పరుగెత్తుతుంది."

గోపాలసామి అంతా విన్నాడు. తాను వాడికి మేలు చేశాననుకున్నాడు. తాను దొంగచాటుగా ఆపిన చెంబే ఇప్పుడు వాడి కడుపు మీద పడుతోంది. బండి ఆగితే వాడి తప్పు. ఆగకపోతే పంచితం మహిమ. ఈ లెక్కలో కందసామి గెలిచే దారి ఎటూ లేదు. దొంగచాటు న్యాయం చివరికి దొరకే ఉపయోగపడింది.

మొదలాళి ఆకు మడుస్తున్నాడు. నాయకరు పెద్ద బేరం. లారీ కింది మోకాళ్ళు కదలడం మానేశాయి.

"మామా," అన్నాడు గోపాలసామి. ఇంటి తెలుగు నోట్లోనే ఆగిపోయింది. మిగతాది మొదలాళికి కూడా తెలిసేటట్టు అరవంలోనే అన్నాడు. "ఈసారి నేను పొయ్యలేదు."

"ఏంది?"

"పంచితం. ఇంజనుకు పొయ్యలేదు. నేలకు పోశాను. అందుకే బండి ఆగలేదు. ఇంతకుముందు పోశాను, అందుకే ఆగింది. ఆయన అతికిన చోటల్లా పోశాను."

కందసామిని 'ఆయన' అన్నాడు. ఎందుకన్నాడో వాడికే తెలీదు. నోటికి వచ్చేసింది.

నాయకరు మొహం ఖద్దరు రంగుకు తిరిగింది. పక్కనున్న ఫిట్టర్లలో ఎవడో కిసుక్కుమన్నాడు. మొదలాళి ఆకు దవడన పెట్టుకుని నిదానంగా నమిలాడు.

"నాయకరే, తీగలకు మావాళ్ళు లక్క పూస్తారు. మీ ఇంట్లో ఇంకేదో పూస్తారని నాకు తెలీదు. కందసామి ఇక్కడే ఉంటాడు. తీగల పని తెలిసినవాడు నాకు వాడొక్కడే. మీ బండికి మంచి కులం ఫిట్టరు మదురైలో ఉంటాడేమో, అడిగించండి."

అది న్యాయం కాదు, బేరం. కందసామిని పంపితే లారీలు ఆగుతాయి, అంతే. అయినా వాడి చోటు వాడికి నిలిచింది.

కందసామి లారీ కిందినుంచి పాకి వచ్చాడు. నూనెగుడ్డతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. గోపాలసామే వాడి దగ్గరికి పోయాడు. ఏదో ఒక మాట వస్తుందనుకున్నాడు. తాను చేసిన పనికి తగిన మాట.

"ఈ మాటు పొయ్యలేదు. సరి," అన్నాడు కందసామి తెలుగులో, మెల్లగా. "అన్ని మాట్లు పోసింది ఎవరు సామీ?"

మళ్ళీ లారీ కిందికి పోయాడు.

తిరుగుదారిలో నాయకరు సీటు మీద పిర్ర మార్చి మార్చి కూర్చున్నాడు. సాత్తూరు దాటాక గొంతు సవరించాడు.

"ఇంట్లో ఈ మాట ఎత్తొద్దు."

"మీకు అంటు అయిండ్లేదా మామా? పొద్దుట్నించీ ఈ బండిలోనే ఉండారే."

"నాకేం అంటురా? నేను దేశానికి పని చేసేవాణ్ణి. అదంతా మా అమ్మకు, ఊరికి. అంటు గడప కాడ మొదలవుతాది, రోడ్డు మీద గాదు." మెళ్ళో దండ సర్దుకున్నాడు. "నీకు ఈ స్టీరింగు కావాలంటే నోరు మూసుకో. ఇంతకాలం మూసుకుంటివి గదా, కొత్తగా నేర్పాల్నా?"

అంటే నాయకరు నమ్మడు. ఏనాడూ నమ్మలేదు. వీధిలో కందసామి కాలు పడితే మైలపడుతుందని ఒక్కనాడైనా వాడి మనసుకు తోచలేదు. అయినా ఎద్దుల్ని కట్టించాడు, చెంబులు పోయించాడు, వాడి కూడు తీసెయ్యబోయాడు. నమ్మే ముసలిదానికన్నా నమ్మకుండా చేయించే ఈ మనిషి ఎంత నీచుడో, గోపాలసామికి స్టీరింగు పట్టుకున్న చేతుల్లో తెలిసింది. అన్ని మాట్లు పోసిన చేతులు.

దీపాలు పెట్టే వేళకు ఎర్రమపట్టి చేరారు. ఇంటిముందు ఊరు ఊరంతా ఉంది. నాయకరు మెళ్ళో దండతో దిగి, ఒక కాలు మెట్టు మీద పెట్టాడు. బండి ముందుదీపాలు నేరుగా గడప మీద పడుతున్నాయి. వీరమ్మాళ్ చేతులు కళ్ళకడ్డం పెట్టుకుని నవ్వింది.

"సూస్తిరా అందరూ? ఒక్క తావన్నా ఆగిందా? మా ఆవు మహిమ అది! ఇంక దినామూ పోద్దాం." గోపాలసామి వైపు తిరిగింది. "ఏమిరా, నేను ఇచ్చిందంతా ఇంజనుకే పోస్తివి గదా?"

నాయకరు దగ్గాడు.

గోపాలసామి ఇంజను ఆపలేదు. సీట్లోంచి దిగాడు. టోపీ తీసి సీటు మీద పెట్టాడు.

"పొయ్యలేదు అవ్వా. చుక్క గూడా పొయ్యలేదు. మట్టికి పోస్తి. కందసామి సెయ్యి పెట్టిన బండి సెయ్యి పెట్టినట్టే ఉండాది. మామ అందులోనే కోవిల్‌పట్టి పోయినాడు, విరుదునగర్ పోయినాడు, ఇప్పుడు దిగినాడు. విరుదునగర్‌లోనే మామకు సెప్తి. ఇంట్లో సెప్పొద్దనినాడు."

వీరమ్మాళ్ నవ్వు ఒక్కొక్క ముడతే ఆరిపోయింది. ఆవిడ గోపాలసామిని తిట్టలేదు. కొడుకు కాలు మెట్టు మీద ఉంది, దాన్ని చూసింది.

"కాలు తియ్యి."

"అమ్మా, ఊరు సూస్తా ఉండాది..."

"సూడనీ. కాలు తియ్యి. ఆడే నిలు."

నాయకరు కాలు తీశాడు. తన ఇంటి మెట్టు కింద, వీధి మధ్యలో నిలబడ్డాడు. కందసామి అప్పడు మోట కుట్టిన కూలి కోసం వచ్చినప్పుడు ఊరి బయట నిలబడినట్టే, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు. కొట్టంలోంచి చెంబు వచ్చింది. వీరమ్మాళే పట్టుకుని మెట్లు దిగింది.

"వాడి సెయ్యి తగిలిన బండి నీకు యాడ తగిలిందిరా?"

అడగాల్సిన పనే లేదు. కూర్చున్నవాడికి తగలని చోటేది? ముసలిది నెత్తి మీదినుంచి మొదలుపెట్టింది. పంచితం దండలోని పూలు తడిపి, గంజి ఖద్దరు మీదికి కారింది. పొద్దుటినుంచి నిటారుగా నిలబడ్డ చొక్కా మొదటిసారి మెత్తబడి ఒంటికి అంటుకుంది. జనంలో నవ్వు లేదు. నవ్వడానికి ఇంకా ధైర్యం లేదు. కానీ ఒక్కరూ తల తిప్పుకోలేదు.

కందసామి అతికిన తీగల మీద దీపాలు తెల్లగా మండుతున్నాయి, ఒక్క రెప్ప కొట్టకుండా. ఆ వెలుగులో ప్రతి చుక్కా కనిపిస్తోంది.

నాయకరు కళ్ళు మూసుకుని, దీపాలు ఆర్పమని చేత్తో సైగ చేశాడు.

గోపాలసామి చూశాడు. ఆర్పలేదు.